ఫెస్ట్ అయిపోయింది, చామంతి అయిపోలేదు

ప్రతి ఏడాది జనవరిలో ఫెస్ట్‌కి ముందు మన క్యాంపస్‌లో ట్రాలీ నిండా చామంతి కుండీలు దిగుతాయి. మెయిన్ బ్లాక్ మెట్లకు అటూ ఇటూ పసుపువి, ఆడిటోరియం దారి పొడవునా తెల్లవి, స్టేజీ ముందు వరసగా ఊదారంగువి. ఆ మూడు రోజులూ వాటి పక్కన నిలబడి ఫొటో దిగనివాళ్ళు ఉండరు. ఫిబ్రవరి వచ్చేసరికి పువ్వులు వాడి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ వారమే కుండీలన్నీ మెస్ వెనక గోడ దగ్గరికి చేరతాయి. మట్టి ఒక కుప్ప, మొక్కలు ఒక కుప్ప, పగలని కుండీలు ఒక కుప్ప. వచ్చే జనవరికి మళ్ళీ కొత్త ట్రాలీ.

ఈ పద్ధతి మారాలని నేనంటాను. డబ్బు దండగ అన్నది చిన్న కారణం. అసలు కారణం ఏంటంటే, మనం ఆ కుప్పలో వేస్తున్నవి చచ్చిపోయిన మొక్కలు కావు. చామంతి బహువార్షికం, అంటే ఏళ్ళ తరబడి బతికే మొక్క. పువ్వు వాడిపోవడం దాని ఏడాదిలో ఒక మలుపు, అంతే.

"ఇంటర్నల్స్ నెత్తిమీద ఉంటే ఈ మొక్కల గోలేంటి?" అనుకుంటున్నారా? పది నిమిషాలు ఓపిక పట్టండి. ఇందులో కొంచెం బోటనీ, కొంచెం ఎలక్ట్రికల్, కొంచెం మన హాస్టల్ రాజకీయం ఉన్నాయి. జీవిత పాఠం మాత్రం లేదు, భయపడకండి.

బంతి వేరు, చామంతి వేరు

మన నోట్లో ఈ రెండు పేర్లూ జంటగానే వస్తాయి. రెండూ ఒకే కుటుంబానివి కూడా. పొద్దుతిరుగుడు, జెర్బెరా, డైసీ, చివరికి మన క్రికెట్ గ్రౌండ్ అంచుల్లో ఎవరూ నాటకుండానే పెరిగే గడ్డిచామంతి, అన్నీ ఆస్టరేసీ కుటుంబమే. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఒక పువ్వు కాదు. ఒకే పళ్ళెం మీద కిక్కిరిసి కూర్చున్న బుల్లి పువ్వుల గుంపు. చుట్టూ రేకుల్లా కనిపించేవి ఒక రకం పువ్వులు, మధ్యలో బొట్టులా కనిపించేవి ఇంకో రకం. ఈసారి చామంతి దండ చేతికొస్తే ఒక రేకు లాగి దాని కింది కొస చూడండి. అదే ఒక పువ్వు.

చుట్టరికం సరే, బతికే తీరు వేరు. బంతి ఏకవార్షికం. మొలుస్తుంది, పూస్తుంది, విత్తనం కడుతుంది, ఎండిపోతుంది. పూత అయ్యాక దాన్ని పీకేస్తే నష్టం లేదు. రెండు ఎండిన పువ్వులు కాగితంలో చుట్టి దాచుకుంటే వచ్చే ఏడాదికి నారు వస్తుంది. చామంతి అలా కాదు. పైన కాడలు ఎండినా మట్టిలో మొదలు బతికే ఉంటుంది. పైన పువ్వులు వాడే రోజుల్లోనే కింద దాని చుట్టూ పచ్చటి పిలకలు లేస్తుంటాయి. నమ్మకపోతే మెస్ వెనక కుప్పలో ఒక మొక్కను తిరగేసి చూడండి.

మన గార్డెన్‌లో పనిచేసే పెద్దాయన ఇదంతా ఒక్క ముక్కలో చెప్పారు. "పువ్వు పోతే చెట్టు పోయినట్టా బిడ్డా? దీని పానం ఏర్లల్ల ఉంటది." మరి ఎందుకు పారేస్తున్నారు తాతా అని అడిగితే, "కుండీలు ఖాళీ చేయమని చెప్పిన్రు, చేస్తున్న. ఉంచమని ఎవ్వరు చెప్పలే" అన్నారు. తెలియక జరుగుతున్న పని కాదన్నమాట. తెలిసిన మనిషిని ఎవరూ అడగక జరుగుతున్న పని.

విత్తనం ప్యాకెట్లో దాగని మొక్క

"పారేస్తే ఏం, మళ్ళీ విత్తనాలు వేసుకోవచ్చు కదా" అనొచ్చు. చామంతి దగ్గర ఆ మాట నడవదు. మనం పెంచే చామంతుల్లో చాలావాటికి ఒక్కో కణంలో 54 వరకు క్రోమోజోములుంటాయి, అంటే 6 సెట్లు. మనకున్నవి 2 సెట్లే. పైగా ఒక మొక్క పుప్పొడితో అదే మొక్క సాధారణంగా విత్తనం కట్టదు, ఇంకో రకం పుప్పొడి కావాలి. ఇన్ని కలగలిసిన విత్తనం నుంచి వచ్చే పిల్ల ఏ రంగులో, ఏ సైజులో పూస్తుందో చెప్పలేం. మీకు నచ్చిన ఆ ముద్దపసుపు చామంతే మళ్ళీ కావాలంటే ఆ మొక్క పిలకో, కొమ్మ ముక్కో నాటాల్సిందే. పిలక అంటే కూతురు కాదు, అదే మొక్క.

కొత్త రకాలు పుట్టించే దారులు వేరే ఉన్నాయి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ, ఎన్‌బీఆర్ఐ, చామంతి మొక్కల మీద గామా కిరణాలు పంపి, వాటిలో వచ్చిన మార్పుల నుంచి కొత్త రంగుల రకాలను ఎంచి తీసింది. అలా ఒక కొమ్మకు వచ్చిన కొత్త రంగును నిలబెట్టడానికి కూడా చివరికి ఆ కొమ్మను తుంచి వేరు పట్టించడమే దారి.

అంటే ఒక చామంతి రకం ఎంతకాలం బతుకుతుందన్నది ఎవరో ఒకరు ఏటా దాని పిలక తీసి నాటడం మీద ఆధారపడి ఉంటుంది. మాది కడియం పక్క ఊరు. చుట్టూ నర్సరీలే, కొత్త రకాలకు కొదవలేదు. అయినా మా అమ్మమ్మకు పెరట్లో నూతి పక్కనున్న చిన్న పసుపు నాటు చామంతి అంటేనే ప్రాణం. పువ్వు రూపాయి బిళ్ళంతే ఉండేది, వాసన మాత్రం వీధిలోకి కొట్టేది. ఒక వేసవిలో ఆవిడ ఆసుపత్రిలో ఉండగా నీళ్ళు లేక ఆ మడి మొత్తం పోయింది. నర్సరీల్లో వెతికితే అలాంటిది దొరకలేదు. రెండు వీధుల అవతల ఒక పిన్నిగారికి అమ్మమ్మే ఎప్పుడో నాలుగు పిలకలు ఇచ్చిందట. ఆవిడ కొంగులో కట్టుకుని మళ్ళీ నాలుగు పిలకలు తెచ్చిచ్చింది. పంచింది కాబట్టి మిగిలింది. దాచుకుని ఉంటే పోయేది.

ఫెస్ట్ కుండీల విషయంలో నా బాధ ఇదే. ఊరూరా పెరళ్ళలో ఇలా చేతులు మారి బతికిన మొక్కని మనం ఫ్లెక్సీ బ్యానర్ లెక్కన వాడి పడేస్తున్నాం.

చామంతి ఏడాది లెక్క

దీన్ని నిలబెట్టడం కష్టమా? మన సెమిస్టర్ క్యాలెండర్ కంటే సులువు. తెలుగు నేల వాతావరణానికి ఇంచుమించు ఇలా ఉంటుంది.

ఫిబ్రవరి: పూత అయిపోగానే కాడలను మట్టికి జానెడు లోపు ఎత్తులో కత్తిరించేయాలి. వాడిన పువ్వులతో నిలబెట్టి ఉంచితే మొక్క బలం వృథా. కత్తిరించాక కొన్ని వారాల్లో పిలకలు గుబురుగా లేస్తాయి.

మార్చి, ఏప్రిల్: పిలకలు నాలుగైదు ఆకులకు వచ్చాక వేరుతో సహా విడదీసి వేరే కుండీల్లో నాటుకోవచ్చు. పాత మొదలు మధ్యభాగం ముదిరి చెక్కలా తయారవుతుంది, దాని మీద ఆశ వద్దు. కొత్త పిలకలే వచ్చే ఏడాది పూత.

మే: ఇదే గండం. మన వైపు 40 డిగ్రీలు దాటే ఎండకు చామంతి అలిసిపోతుంది. మధ్యాహ్నం నీడ, పొద్దునే నీళ్ళు, ఇంతే కావాలి. ఈ నెలలో ఎదగలేదని కంగారుపడి ఎరువు వేయకూడదు. ప్రాణంతో ఉంటే చాలు.

జూన్, జులై: తొలకరి పడగానే లేచి కూర్చుంటుంది. లేత కొమ్మ చివర 5 నుంచి 7 సెంటీమీటర్ల ముక్క తుంచి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేరు పడుతుంది. ఒక్క తల్లి మొక్క నుంచి డజను మొక్కలు చేయొచ్చు.

జులై, ఆగస్టు: నాటిన నెలకు తల తుంచాలి. అందరికీ చేయి వణికేది ఇక్కడే, ఎదుగుతున్న చిగురును గిల్లేయడమా అని. ఆ చిగురులో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. చిగురు తీసేస్తే అవి లేస్తాయి. ఒక కాడ ఉన్నచోట నాలుగు కొమ్మలు, కొమ్మకొమ్మకూ పూత. ఇంకో రెండు మూడు వారాలకు ఇంకోసారి తుంచొచ్చు. ఆగస్టు దాటాక మాత్రం గిల్లకూడదు, అక్కడి నుంచి మొగ్గ కట్టే కాలం.

అక్టోబరు నుంచి జనవరి: మొగ్గ, రంగు, పూత. కొమ్మలు వాలకుండా సన్నటి పుల్ల ఒకటి గుచ్చి వదులుగా కట్టాలి. పెద్ద పువ్వు ఒక్కటే కావాలంటే కొమ్మ చివరి మొగ్గ ఉంచి పక్క మొగ్గలు తీసేయాలి. గుత్తులుగా కావాలంటే ముట్టుకోవద్దు.

మట్టి సంగతి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగా చివికిన ఎరువు ఒక పాలు. కుండీ అడుగున బెజ్జం తప్పనిసరి. చామంతిని చంపేది ఎక్కువగా దాహం కాదు, అభిమానం. రోజూ మగ్గు నిండా పోస్తే వేరు కుళ్ళుతుంది. వేలు మట్టిలోకి ఒక కణుపు దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు నీళ్ళు వద్దు. పోసినప్పుడు మొదట్లో పోయాలి, ఆకుల మీద కాదు. ఆకు తడిసి ఉంటే మచ్చ తెగులు వస్తుంది. రోజుకు 5, 6 గంటల ఎండ కావాలి. లేత చిగుళ్ళకు పేనుబంక పడితే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం చల్లితే చాలు. ఈ మొక్క రసం కొందరి చర్మానికి దురద పెడుతుంది కాబట్టి కత్తిరించాక చేతులు కడుక్కోండి. పిల్లులకు, కుక్కలకు ఇది పడదు. మన మెస్ పిల్లికి అందనంత ఎత్తులో పెట్టండి.

చీకటి కూడా ఎరువే

ఇక ఎలక్ట్రికల్ వాళ్ళకు నచ్చే భాగం. చామంతి చలికాలంలోనే ఎందుకు పూస్తుంది? చలి ఒక్కటే కారణం కాదు. అది రాత్రి పొడవును కొలుస్తుంది.

1920లో అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, కొన్ని మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయని పొగాకు, సోయా మొక్కల మీద చేసిన ప్రయోగాలతో చూపించారు. పగలు పొట్టిగా ఉంటే పూసేవాటికి హ్రస్వదిన మొక్కలని పేరు. చామంతి వాటిలో ఒకటి. 1938లో హామ్నర్, బోనర్ ఇంకో మెట్టు ఎక్కారు. మొక్క అసలు లెక్కపెట్టేది పగటిని కాదు, ఎడతెగని చీకటిని. పొడుగు రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి లెక్కలోకి రాదు. 1950ల్లో దీని వెనకున్న స్విచ్ దొరికింది. ఫైటోక్రోమ్ అనే పదార్థం. సుమారు 660 నానోమీటర్ల ఎర్రకాంతి తగిలితే ఒక రూపానికి, 730 దగ్గర కాంతి తగిలితే ఇంకో రూపానికి మారుతుంది. రాత్రంతా చీకట్లో నెమ్మదిగా ఒక వైపుకు జారుతూ ఉంటుంది. మధ్యలో దీపం పడితే లెక్క మళ్ళీ మొదటికి.

హైదరాబాద్‌లో జూన్‌లో అతి పొడుగు పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో అతి పొట్టి పగలు సుమారు 11 గంటల 5 నిమిషాలు. మనం పెద్దగా గమనించని ఈ రెండు గంటల తేడాని చామంతి నిమిషాల లెక్కన పట్టుకుంటుంది.

ఇది మన హాస్టల్లో పనిచేస్తుందా అని పోయినేడు నేను, నా రూమ్మేటు చూశాం. ఒకే తల్లి మొక్క పిలకలు నాలుగు. సెప్టెంబరులో రెండింటిని మూడో అంతస్తు కారిడార్లో, రాత్రంతా వెలిగే ట్యూబులైటు కింద పెట్టాం. రెండింటిని దీపం పడని డాబా మూల పెట్టాం. పగటి ఎండ రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. మట్టి, నీళ్ళు, ఎరువు ఒకటే. నవంబరు చివరికి డాబా మీద రెండూ పూశాయి. కారిడార్లో రెండూ ఏపుగా, పచ్చగా, ఆకులతో కళకళలాడుతున్నాయి. ఒక్క మొగ్గ లేదు. డిసెంబరు 1న వాటిలో ఒకదాన్ని డాబా మీదికి మార్చాం. ఫిబ్రవరి మొదటి వారంలో పూసింది. ట్యూబులైటు కింద మిగిలినది అప్పటికీ ఆకులే. నాలుగు కుండీలతో పేపర్ రాయలేం, నిజమే. కానీ పుస్తకంలో చదివింది మన కారిడార్లో కనిపిస్తే ఆ సరదా వేరు.

ఇదే కిటుకుతో నెదర్లాండ్స్ గ్రీన్‌హౌసుల్లో పూత ఆపాలంటే అర్ధరాత్రి దీపాలు వెలిగిస్తారు, పూత తేవాలంటే నల్ల తెరలు దించుతారు. అలా ఏడాది పొడవునా చామంతి మార్కెట్‌కి వస్తుంది. "హాస్టల్లో పెట్టాను, పూయలేదు, ఇది పనికిరాని మొక్క" అని ఎవరైనా అంటే ముందు నెత్తిమీద లైటు చూడమనండి. లైట్లు ఆర్పమని నేను అడగడం లేదు. రాత్రి లైబ్రరీ నుంచి వచ్చే అమ్మాయిలకు ఆ వెలుతురు కావాలి. కుండీని జరపండి, చాలు. జరిపే చోటు లేకపోతే సెప్టెంబరు నుంచి మొగ్గలకు రంగు వచ్చేదాకా సాయంత్రం 6కి అట్టపెట్టె బోర్లించి పొద్దున 7కి తీయండి.

ఈ కారణాలతో మాత్రం పెంచకండి

చామంతి మీద నాకున్న ఇష్టం కొద్దీ అబద్ధాలు చెప్పలేను. "గదిలో చామంతి పెడితే గాలి శుభ్రమవుతుంది, నాసా చెప్పింది" అని మనందరికీ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. నాసా 1989లో పరీక్షలు చేసిన మాట నిజం, వాటిలో చామంతి ఉన్న మాటా నిజం. కానీ అవి గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసినవి. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన 2019 నాటి సమీక్ష ఏం తేల్చిందంటే, మామూలుగా గదిలోకి వచ్చిపోయే గాలి చేసే పనికి సమానంగా మొక్కలు పనిచేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. 10 అడుగులకు 10 అడుగుల గది అంటే సుమారు 9.3 చదరపు మీటర్లు. కనీస లెక్కకే 90కి పైగా కుండీలు. మీరు, మీ రూమ్మేటు కారిడార్లో పడుకోవాలి. కిటికీ తెరవండి, అది చాలు.

రెండోది, "చామంతి ఉంటే దోమలు రావు." ఈ మాట వెనక ఒక నిజం ఉంది. చామంతికి దగ్గరి చుట్టం, తెల్లటి డైసీలాంటి పైరెథ్రమ్ అనే మొక్క పువ్వుల నుంచి పైరెథ్రిన్లు అనే పురుగుమందు తీస్తారు. దోమల చక్రాల్లో వాడే అలెథ్రిన్ వాటిని చూసి ల్యాబులో తయారుచేసిందే. కానీ మన కుండీలోది ఆ చుట్టం కాదు. పైగా కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవుంచితే దోమల్ని మనమే పెంచినట్టు.

మరి ఎందుకు పెంచాలి? బతుకుతున్నదాన్ని బతకనివ్వడానికి. ఇంకో పెద్ద కారణం నాకు అక్కర్లేదు. కావాలంటే చిన్నవి రెండున్నాయి. బతుకమ్మలో పేర్చడానికి, సంక్రాంతి గొబ్బెమ్మ మీద పెట్టడానికి మన చేత్తో పెంచిన పువ్వు నాలుగు ఉంటే బాగుంటుంది. రెండోది, నాలుగేళ్ళ చదువులో మనం నాటి, చూసి, తరవాతి వాళ్ళ చేతికి ఇచ్చి వెళ్ళేది ఏదైనా ఒకటి ఉంటే బాగుంటుంది.

మీరు అడగబోయేవి

ఈ మాట మిత్రులతో అన్నప్పుడు వచ్చిన అభ్యంతరాలు నాలుగు. నాలుగూ న్యాయమైనవే.

"వేసవి సెలవుల్లో నీళ్ళెవరు పోస్తారు?" అసలు ప్రశ్న ఇదే. గదుల్లో వదిలేస్తే ఒక్కటీ మిగలదు. అందుకే ఏప్రిల్ చివర అన్ని పిలకలనూ ఒక మడిలోకి చేర్చాలి. లైబ్రరీ వెనక వేపచెట్టు కింద కుళాయి పక్కనే జాగా ఉంది, మధ్యాహ్నం నీడ పడుతుంది. మే నెలలో గార్డెన్ వాళ్ళు ఎలాగూ లాన్‌కి నీళ్ళు పెడతారు. మడి కుండీలంత తొందరగా ఎండదు కూడా. ఊరు దగ్గరున్నవాళ్ళు రెండు పిలకలు తడి గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్తే ఇంకా మంచిది. మా అమ్మమ్మ నాటు చామంతి అలాగే మిగిలింది కదా.

"కొత్తవి చవగ్గానే దొరుకుతాయి కదా? నర్సరీ వాళ్ళూ బతకాలి కదా?" మా వైపు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగేది నర్సరీ పని వల్లే. కొనొద్దని నేననను. ఏటా అవే చామంతులు కొని పారేసే బదులు ఆ డబ్బుతో నందివర్ధనమో, గన్నేరో, పారిజాతమో కొనండి. నర్సరీకి బేరమూ ఉంటుంది, క్యాంపస్‌లో ఒక చెట్టూ మిగులుతుంది.

"మనం పెంచినవి కొన్నవాటిలా అందంగా ఉండవు." మొదటి ఏడాది ఉండవు, ఒప్పుకుంటాను. అమ్మకానికి వచ్చే కుండీల్లో చాలావాటిలో నాలుగైదు మొక్కలు కలిపి నాటుతారు. ఎత్తు పెరగకుండా మందు కూడా వాడతారు. ఆ మందు ప్రభావం పోయాక అదే మొక్క పొడుగ్గా, కాస్త చెదురుగా పెరుగుతుంది. మొక్క చెడిపోయిందని కాదు, దాని అసలు ఎత్తు అదే. తల తుంచడం సరిగ్గా చేస్తే గుబురుగానే ఉంటుంది. స్టేజీ ముందుకు కొన్నవి పెట్టినా మెట్ల పక్కన మనవి పెట్టుకోవడానికి సిగ్గెందుకు?

"నాలుగేళ్ళలో వెళ్ళిపోతాం, తర్వాత?" చామంతికి ఇది సమస్యే కాదు. పిలక ఇంకొకరి చేతికి వెళ్ళడమే దాని బతుకు. సీనియర్లు జూనియర్లకు రికార్డులు, డ్రాఫ్టర్లు ఇచ్చి వెళ్తారు. ఒక పిలక కూడా ఇవ్వండి.

ఏం చేద్దాం

నా ప్రతిపాదన చిన్నది. క్లబ్బు తరఫున అడ్మిన్ ఆఫీసుకు ఒక ఉత్తరం ఇద్దాం. అందులో మూడే కోరికలు. ఒకటి, ఫెస్ట్ తర్వాత చామంతి కుండీలు పారేయకుండా, అడిగిన విద్యార్థులకు ఇవ్వాలి. రెండు, లైబ్రరీ వెనక మడికి అనుమతి ఇవ్వాలి. ఆ మడి పని తోటపనివాళ్ళ మీద అదనంగా రుద్దకుండా, లాన్‌లో అంతమేర పని తగ్గించి ఇవ్వాలి. ఉంచమని ఎవరూ చెప్పలేదని పెద్దాయన అన్నారు కదా, ఈసారి చెప్పిద్దాం. ఏ మొక్క ఉంచాలో, ఏది తీయాలో ఆయన్నే అడుగుదాం. మూడు, ఆగస్టులో ఫస్టియర్ వాళ్ళకు ఇచ్చే ఫైలు, పెన్ను పక్కన వేరు పట్టిన చామంతి ముక్క కూడా ఒకటి ఇవ్వాలి.

ఉత్తరానికి జవాబు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫెస్ట్ కుండీలు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. ఫిబ్రవరి మొదటి ఆదివారం పొద్దున 7 గంటలకు మెస్ వెనక కలుద్దాం. కుండీ ఎంచుకునేటప్పుడు పైన పువ్వు చూడకండి, మొదట్లో పిలక ఉందో లేదో చూడండి. ఖాళీ పెయింటు డబ్బా ఉంటే అడుగున బెజ్జం పెట్టి తెచ్చుకోండి. కత్తెర నేను తెస్తాను.